రైలక్క కొన్న కీబోర్డు

రైలక్క గురించి రాయమని మా ఆఫీసులో ఎవరిని అడిగినా మంచి మనిషి, కష్టజీవి, నోట్లో నాలుక లేనిది అని మూడు మాటలు రాసి కలం మూసేస్తారు. మూడూ తప్పే. ఆవిడ గర్విష్ఠి. నోట్లో నాలుక లేక కాదు, మాతో మాట్లాడటం దండగ అనుకుని మాట్లాడేది కాదు. ఇక కష్టం సంగతంటారా, టైపు కొట్టడం ఆవిడకు ఏనాడూ కష్టం కాలేదు, వేళ్ళు మొరాయించే దాకా. పదకొండేళ్ళు పక్క సీట్లో కూర్చున్నాను కనుక నాకు తెలుసు. ఆవిడను బైండింగు గదికి దింపిన పాపంలో పెద్ద వాటా నాదే కనుక ఇంకా బాగా తెలుసు.

మాది కోర్టులో వాంగ్మూలాల విభాగం. బోనులో నిలబడి సాక్షి చెప్పిందంతా రికార్డయి మా దగ్గరికి వస్తుంది. మేం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని దాన్ని టైపు కొడతాం. లోకం గురించి మాకు తెలిసిందంతా అలా సాక్షులు చెప్పిందే. గోడకు సున్నం ఎన్ని పూతలు వేయాలో, కుక్క కరిస్తే ఎన్నాళ్ళకు జ్వరం వస్తుందో, మొగుడు అబద్ధమాడేటప్పుడు గొంతు ఎక్కడ బొంగురుపోతుందో, అన్నీ చెవుల్లోంచి వేళ్ళలోకి దిగినవే.

పొడవాటి హాలు, ఆరు సీట్లు, చివర అద్దాల గదిలో సూపరింటెండెంటు. మొదటి సీటు కిటికీ పక్కన ఉంటుంది. హత్యలు, దోపిడీలు, పేపర్లో పడే కేసులన్నీ ఆ సీటుకే వెళతాయి. మిగిలిన వాళ్ళకు ప్రహరీ గోడల తగాదాలు, అద్దె తగాదాలు. మొదటి సీటు రైలక్కది. రెండోది నాది. పదకొండేళ్ళపాటు నేను జానెడు గోడ ఎవరిదో టైపు కొట్టాను.

ఏడాదికోసారి మాకు పరీక్ష ఉంటుంది, పది వేళ్ళతోనే కొట్టాలని నియమం. తప్పినవాళ్ళను కింద బైండింగు గదికి పంపుతారు. అక్కడ కాగితాల కట్టలకు దబ్బనంతో చిల్లులు పొడిచి, దారం దూర్చి, బిగించి లాగి కుట్టాలి. కిటికీ లేదు, ట్యూబులైటు ఉంది. కిందికి దిగినవాళ్ళు మళ్ళీ పైకి వచ్చిన దాఖలా లేదు. రైలక్కకు పదవీ విరమణ ఇంకా రెండున్నరేళ్ళు ఉంది. ఆ రెండున్నరేళ్ళూ ఆ కిటికీ పక్కనే కూర్చుని, ఆ సీట్లోంచే ఇంటికి వెళ్ళాలి. ఆవిడ కోరిక అంతే. నా కోరికా ఆ సీటే.

పేరెలా వచ్చిందో చెప్పాలి. పదహారేళ్ళప్పుడు ఆవిడ టైపు నేర్చిన చోట అక్షరాలు కనిపించకుండా కీలమీద నల్లరంగు పూసేవారట. చూడకుండా కొట్టాలి, చెవితో కొట్టాలి. ఉద్యోగంలో చేరాక ఆవిడ మిషను ముందు కూర్చుంటే మెట్లమీద నిలబడ్డ కక్షిదారులు రైలొస్తోందనుకుని పక్కకు జరిగేవారని ఒక ముసలి గుమాస్తా కోతలు కోశాడు. ఆ కోతే పేరైంది. తర్వాత మిషన్లు పోయి పలకలాంటి పల్చటి కీబోర్డులు వచ్చాయి. అడుగున రబ్బరు, నొక్కితే మెత్తగా దిగుతుంది, చప్పుడు లేదు. రైలు పోయింది, పేరు మిగిలింది.

వేళ్ళు పాడయ్యింది నాలుగేళ్ళ కిందట. ముందు నేనే చూశాను. అన్నం క్యారేజీ మూత ఎడమచేత్తో తీయడం మొదలుపెట్టింది. కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు పొద్దున్నపూట వంగేవి కావు. మిషనుమీద నేర్చినవాళ్ళకు అడుగంటా గుద్దడం అలవాటు. ఆ రబ్బరు కీలను ముప్పై ఏళ్ళ అలవాటుతో గుద్దిగుద్ది కీళ్ళు అరగదీసుకుంది. డాక్టరు దగ్గరికి వెళితే విశ్రాంతి తీసుకోమన్నాడట. విశ్రాంతి తీసుకోమనడానికి డాక్టరెందుకు, మా పక్కింటి కుక్క కూడా చెబుతుంది.

ఆవిడ ఏం చేసిందంటే, ఆ రెండు వేళ్ళనూ కీలకు కాస్త పైన గాల్లో నిలబెట్టి, వాటి పని మధ్యవేలికి అప్పజెప్పింది. దూరం నుంచి చూస్తే పది వేళ్ళూ ఆడుతున్నట్టే ఉంటుంది. ఎనిమిదే ఆడేవి. తగ్గిన వేగం పూడ్చుకోవడానికి పొద్దున్న అందరికన్నా ముందొచ్చేది, టీకి లేచేది కాదు. పరీక్షలో మా సూపరింటెండెంటు కాగితం చూస్తాడు, గడియారం చూస్తాడు. రెండింట్లోనూ ఆవిడే మొదట. నాలుగేళ్ళు అలా గట్టెక్కింది. నేను ఎవరికీ చెప్పలేదు. దాన్ని మంచితనం అనుకోకండి. ఎప్పుడైనా పనికొస్తుందని దాచుకున్నాను.

సూపరింటెండెంటు గురించి ఒక్క ముక్క. ఈ ఉద్యోగానికి రాకముందు ఇరవై ఏళ్ళు టైపు పాఠాలు చెప్పిన మనిషి. చెవులు చేటలంత ఉంటాయి. మేం చాటున చెవుల సార్ అంటాం. "నలభై మంది కొడుతుంటే కళ్ళు మూసుకుని ఎవరు ఏ వేలు ఎగ్గొడుతున్నారో చెప్పేవాణ్ణి" అని టీ దగ్గర ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చప్పుడు లేని మా హాల్లో ఆ చెవులకు పని లేదు. రైలక్క టీకి రాదు కనుక ఆవిడకు ఈ కథ తెలియదు. నాకు తెలుసు. ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకోండి.

కీబోర్డు సంగతి నా ఫైల్లోంచే వచ్చింది. ఒక అద్దె తగాదా. మేడమీద కీబోర్డుల షాపు నడిపే ఒకాయన్ను కింది వాటాలో ఉండే ఇంటివాళ్ళు ఖాళీ చేయమంటున్నారు, రోజంతా టకటకలతో చెవుల్లో ఇల్లు కట్టుకున్నాడని. ఆయన బోనెక్కి అడిగినదానికి జవాబు చెప్పకుండా పావుగంట కీల గురించి ఉపన్యాసం ఇచ్చాడు. ఒక్కో కీ కింద ఒక్కో స్ప్రింగు ఉంటుందనీ, అడుగుదాకా నొక్కక్కర్లేదనీ, సగంలోనే అక్షరం పడుతుందనీ, వేళ్ళనొప్పులున్నవాళ్ళు తన పేరు చెప్పుకుని బతుకుతున్నారనీ. జడ్జిగారు రెండుసార్లు ఆపబోయి ఊరుకున్నారు. క్యారేజీలు విప్పుకున్నప్పుడు నేనది వేళాకోళంగా చదివి వినిపించాను. అందరూ నవ్వారు. రైలక్క నవ్వలేదు.

"ఆ సగంలోనే పడుతుంది అన్న ముక్క మళ్ళీ చదువు" అంది.

చదివాను.

"ఆ షాపు అడ్రసు వాంగ్మూలంలో ఉంటుందిగా."

ఉంటుంది మరి. ఆదివారం ఇద్దరం వెళ్ళాం. తోడు రమ్మని అడిగింది. పదకొండేళ్ళలో ఆవిడ నన్ను అడిగిన మొదటి సాయం అది.

ఇరుకు మెట్లు, పైన మనిషి పట్టేంత షాపు. ఆయన్ను చూడగానే నాకు నవ్వొచ్చింది. ఆయన రక్తపోటు, ఆయన బావమరిది చేసిన మోసం, చెప్పిందే తిరగేసి చెప్పే ఆయన అలవాటు, అన్నీ నేను టైపు కొట్టినవే. ఆయనకు మాత్రం మేమెవరో తెలియదు. గోడ పొడవునా బల్ల, దానిమీద వరసగా కీబోర్డులు, ఒక్కోదాని ముందు ఒక్కో చీటీ.

"ఏం పని చేస్తారమ్మా?" అన్నాడు.

"టైపు."

"రోజుకు ఎంతసేపు?"

"ఎనిమిది గంటలు. టీకి లేవను."

ఆయన చీటీలు చూపించలేదు, ఆవిడ చేతులు చూశాడు. "ఈ రెండు వేళ్ళూ ఎప్పటినుంచి ఇలా ఉన్నాయి?"

ఆవిడ చెయ్యి కొంగులోకి లాక్కుంది. "నొప్పి చూపించుకోడానికి రాలేదు. కీబోర్డు చూపించండి."

ఆయన నొచ్చుకోలేదు. మొదట మూడు రకాలు చెప్పాడు. ఒకటి నున్నగా జారిపోయేది. ఆటలాడేవాళ్ళకు ఇష్టం, టైపిస్టులకు పొరపాటున తాకినా అక్షరం పడిపోతుంది, వద్దన్నాడు. రెండోది సగం దిగేసరికి వేలికి చిన్న గట్టు తగిలేది. అక్కడితో వదిలేయొచ్చు, అడుగు వెతుక్కోనక్కర్లేదు. మూడోది ఆ గట్టు దగ్గరే టక్కుమని పలికేది. "చూడండి, పలికేదానికి స్ప్రింగు కాస్త బరువు. మీ వేళ్ళకు రెండోది, అందులోనూ తేలిక స్ప్రింగుది, నోరులేనిది మంచిది" అని ఒకటి ముందుకు జరిపాడు.

మేం ఏ కీబోర్డు పరీక్షించినా ఒకే వాక్యం కొడతాం. ప్రతి వాంగ్మూలం దాంతోనే మొదలవుతుంది కనుక నిద్రలో లేపినా కొట్టగలం: నేను చెప్పేదంతా నిజం, నిజం తప్ప మరొకటి చెప్పను. రైలక్క కళ్ళు మూసుకుని అది కొట్టింది. చివరి చుక్క ఉంగరపు వేలి కింద ఉంటుంది. నాలుగేళ్ళుగా గాల్లో ఉన్న ఆ వేలు మెల్లగా దిగి చుక్క పెట్టింది. ఆవిడ కళ్ళు తెరిచింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ దిగింది.

"చూశావా, పడింది" అంది నాతో, గొంతు బాగా తగ్గించి.

తల ఊపాను.

అక్కడితో కొనుక్కుని వచ్చేస్తే ఈ కథ లేదు. కానీ ఆవిడ చెయ్యి పక్కనున్న పలికేదానిమీదికి పోయింది. నాలుగు అక్షరాలు కొట్టేసరికి నడుం నిటారయింది. ఆ ఇరుకు గదిలో నిజంగానే రైలొచ్చింది. మొహంలో ఇరవై ఏళ్ళు తగ్గాయి. ఇన్నేళ్ళుగా తన పని తనకే వినపడని మనిషికి ఒక్కసారిగా వినపడింది. అంత సుఖపడుతున్న మొహాన్ని అంత దగ్గర్నుంచి చూడటం నాకు ఓర్వరానిదయింది. కుళ్ళు అంటే కుళ్ళే, వేరే పేరెందుకు.

దానిమీద చుక్క మాత్రం మధ్యవేలే పెట్టింది. స్ప్రింగు బరువు, ఉంగరపు వేలు దిగలేదు. అది షాపాయన చూశాడు, నేనూ చూశాను. ఆవిడ ఆ చప్పుడు మత్తులో పట్టించుకోలేదు.

"ఏది తీసుకోమంటావే?" అని అడిగింది. "ఆయన చెప్పినదే మంచిదేమో. కానీ అది కొడుతుంటే కొట్టినట్టే లేదు."

చెవుల సార్ గదీ, దాని అద్దాల తలుపూ ఆ క్షణాన నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించాయి. తెలిసే అన్నాను.

"రైలుకు కూత లేకపోతే ఎలా అక్కా? అక్కడ రెండు చుక్కలు పడ్డాయి సరే, సాయంత్రం దాకా పడతాయా? నీ చెయ్యి ఏది అడుగుతోందో అది తీసుకో."

షాపాయన నావైపు ఒకసారి చూశాడు. ఏమనుకున్నాడో, పెట్టె తీసి కట్టడం మొదలుపెట్టాడు.

అటునుంచటే వాళ్ళింటికి తీసుకెళ్ళింది. రెండు గదులు. ముందుగదిలో గోడకు ఆనించి చిన్నచిన్న అరలున్న చెక్కపెట్టె, ఒకప్పుడు ప్రెస్సులో సీసపు అక్షరాలు పోసుకునేది. ఇప్పుడు అరకొకటిగా గుండీలు, మాత్రలు, సూదులు. ఆవిడ భర్త కంపోజిటరుగా చేశాడు. ప్రెస్సు మిషన్ల హోరుకు రెండు చెవులూ పోయాయి. పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. ఇంట్లో కంప్యూటరు లేదు. ఆవిడ కీబోర్డును బల్లమీద ఊరికే పెట్టి ఆయన ముందు టకటకలాడించింది.

"చెవిటి మొగుడికి చప్పుడు కొనుక్కొచ్చావా" అన్నాడాయన. తర్వాత నావైపు తిరిగి, "నా చెవులు ప్రెస్సు తినేసింది చెల్లెమ్మా, దీని వేళ్ళు కోర్టు తింటోంది. మా ఇద్దర్నీ కలిపితే ఒక మనిషికి సరిపోతాం. నువ్వు పక్కనున్నావు, కాస్త చూసుకుంటూ ఉండు" అన్నాడు.

అలాగే అన్నాను. టీ ఇచ్చారు, తాగాను.

సోమవారం హాలంతా ఒంటికాలిమీద లేచింది. నాలుగో సీటాయన "అక్కా, ఏ ప్లాట్‌ఫారం?" అన్నాడు. అయిదో సీటావిడ చెవుల్లో దూది కుక్కుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఆరో సీటు వాడు ఆవిడ లేచినప్పుడల్లా విజిలు వేశాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు, కానీ ఈ ఎలుకకు అసలు చీమ కుట్టినట్టయినా లేదు. కొడుతూనే ఉంది. మధ్యాహ్నానికి ఫిర్యాదు చేయడానికి ముగ్గురు కూడబలుక్కున్నారు. అంతలో చెవుల సారే గదిలోంచి బయటికి వచ్చాడు. తిడతాడనుకున్నాం. నిలబడి కాసేపు విన్నాడు.

"ఉండనివ్వండి" అని, లోపలికి వెళ్ళి తలుపు తెరిచే ఉంచాడు.

"చూశావా, పని తెలిసినవాడికి తెలుస్తుంది" అంది రైలక్క నాతో. ఆయన మెచ్చుకున్నాడనుకుంది. పూర్వం మిషను రోజుల్లో పెద్దలు అలాగే తలుపు తెరుచుకుని వినేవారట. చప్పుడు బాగుందంటే పని బాగున్నట్టే అని ఆ కాలం టైపిస్టుల నమ్మకం. రోజురోజుకీ ఇంకా గట్టిగా, ఇంకా సొగసుగా కొట్టడం మొదలుపెట్టింది. తన గొయ్యి తాను తవ్వుకునేవాళ్ళను చూశాను కానీ, అంత తాళబద్ధంగా తవ్వుకున్నవాళ్ళను చూడలేదు.

పరీక్ష దాకా ఉన్న ఆ రెండు వారాలూ ఆవిడ సుఖపడిందని మాత్రం ఒప్పుకుంటాను. ఆరు నెలలు సాగిన హత్యకేసు వాంగ్మూలం వచ్చింది. సాక్షి ఏడ్చే చోట ఆవిడ చేతులు నెమ్మదించేవి, లాయరు గద్దించే చోట పరుగెత్తేవి. హెడ్‌ఫోన్లు లేకుండానే నాకు కేసు అర్థమయ్యేది. మణికట్ల నొప్పి తగ్గిందని చెప్పింది. ఒకరోజు టీకి కూడా లేచింది, కానీ టీ తాగకుండా కిటికీ దగ్గర నిలబడి వచ్చి కూర్చుంది.

ఒక్కటే లోపం. ప్రతి వాక్యం చివర రవ్వంత ఆగేది. మధ్యవేలు తన చోటు వదిలి పక్కకు వెళ్ళి చుక్క పెట్టి రావాలి కదా. టకటక టకటక, చిన్న ఖాళీ, టక్. అలవాటు లేని చెవికి తెలియదు. నాకు రెండో రోజే తెలిసింది. తెలిసి ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. టీ దగ్గర పెన్ను తీసుకుని బల్లమీద ఆ వరస వాయించాను. ఖాళీ దగ్గర కనుబొమలెత్తి, దారితప్పినదానిలా అటూ ఇటూ చూసి, అప్పుడు టక్కుమనిపించాను. అయిదో సీటావిడకు టీ పొలమారింది. నేను ఇంకొంచెం సాగదీసి మళ్ళీ వాయించాను.

వెనక ఎవరో నిలబడ్డారు. చెవుల సార్, చేతిలో గ్లాసు.

"మళ్ళీ కొట్టమ్మా" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. చేతిలో పెన్ను కింద పెట్టేసి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కొట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకొక్కసారి."

కొట్టాను.

పరీక్షకు నాలుగు రోజుల ముందు రైలక్క ఒక అర్జీ తలపెట్టింది. పరీక్ష తన సొంత కీబోర్డుమీద రాయడానికి అనుమతి కావాలని. ఎవరూ అడగని వరం. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. పల్చటి కీబోర్డుమీద ఎప్పటిలా రాసుంటే, ఆయనకు ఎంత అనుమానమున్నా రుజువు చేయలేకపోయేవాడు. మా టైపిస్టుల్లో ఒక పట్టింపు ఉంది. తన అర్జీ తాను కొట్టుకోకూడదు, ఒకరిది ఒకరు కొట్టిపెట్టాలి. లేకపోతే పని జరగదంటారు. నా దగ్గరికి తెచ్చింది.

"అక్కా, ఎందుకీ అర్జీ? ఆఫీసుదానిమీదే రాసేయరాదా" అనాలి నేను. నోటిదాకా వచ్చింది. ఎన్ని కాపీలు కావాలని అడిగాను.

కొట్టిచ్చాను. ఒక్క తప్పు లేదు. ఆవిడ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చదివింది.

"నీ చెయ్యి బాగా కుదిరిందే ఇప్పుడు" అంది. పదకొండేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారి. ఆ రోజు నేను క్యారేజీ విప్పలేదు.

పరీక్ష పది నిమిషాలు. మా అయిదుగురివీ ముందు అయిపోయాయి, ఎప్పటిలా కాగితం, గడియారం. రైలక్క వంతు వచ్చేసరికి చెవుల సార్ కుర్చీ జరుపుకుని కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ మురిసిపోయింది. పెళ్ళిచూపుల్లో పాడే పిల్లలా గొంతు సవరించుకున్నంత పని చేసి, మొదలుపెట్టింది.

అయ్యాక ఆయన కాగితం చూశాడు. "తప్పుల్లేవు. వేగం అందరికన్నా మీదే ఎక్కువ."

ఆవిడ తల ఊపింది.

"చుక్కలు ఎన్ని పెట్టారమ్మా?"

"లెక్కపెట్టలేదు సార్."

"ముప్పై ఒకటి. ముప్పై ఒక్కసార్లు ఆగారు. ఉంగరపు వేలితో ఒక్క చుక్క కొట్టండి, విందాం."

ఆవిడ వేలును కీమీద పెట్టింది. వేలు వణికింది కానీ కీ పలకలేదు.

"మళ్ళీ" అన్నాడు. గొంతులో కోపం లేదు, పాఠం చెప్పే ఓపిక. "అందరూ వినండి. వేలు కదులుతోంది, చప్పుడు లేదు. మళ్ళీ కొట్టండమ్మా."

అయిదుసార్లు అడిగాడు. అయిదోసారి ఆవిడ ఎడమచేతి బొటనవేలిని ఆ వేలిమీద పెట్టి గట్టిగా అదిమింది. టక్ అంది.

"వచ్చింది సార్" అంది రైలక్క.

ఆరో సీటు వాడు కిసుక్కున నవ్వాడు. చెవుల సార్ కలం తీశాడు.

"పది వేళ్ళ పద్ధతి ఉన్నవాళ్ళకే వాంగ్మూలం ఇవ్వాలని నియమం" అన్నాడు. "ఈ రోజు చుక్క ఆగింది, రేపు మాట ఆగుతుంది. కోర్టు వాయిదా మన వేళ్ళకోసం ఆగదు. రేపటినుంచి కిందికి వెళ్ళండి."

గోరుచుట్టుమీద రోకటిపోటు పడ్డవాళ్ళు ఎలా ఉంటారో అప్పుడు చూశాను. ఆ గర్విష్ఠి మనిషి కుర్చీలోంచి లేచి చేతులు జోడించింది. "రెండున్నరేళ్ళే సార్. కింద కుట్టుపనికి ఈ వేళ్ళు అసలు పనికిరావు. ఇంకో రకం కీబోర్డు ఉంది సార్, తేలికది. దానిమీద ఈ వేలు పడుతుంది. షాపులో రెండుసార్లు పడింది. రేపు అది తెస్తాను, దానిమీద పెట్టండి పరీక్ష."

ఆయన కలం ఆపాడు. అన్యాయం చేసే మనిషి కాడు, అదే బాధ. "పడిందని ఎవరు చూశారు? ఈ హాల్లో చూసినవాళ్ళెవరైనా చెబితే రాసుకుని ఇంకో అవకాశం ఇస్తాను. ఊరికే ఇస్తే రేపు అందరూ అడుగుతారు."

ఆవిడ నావైపు తిరిగింది. భయం కూడా లేదు మొహంలో. దారి దొరికినట్టే ఉంది.

"ఇది చూసింది సార్. నా పక్కనే ఉంది. చెప్పవే."

అందరూ నన్ను చూశారు. నేను కిటికీని చూశాను. పదకొండేళ్ళు ఎంతమంది అబద్ధపు సాక్ష్యాలు టైపు కొట్టానో. తడబడేవాళ్ళు, నీళ్ళడిగేవాళ్ళు, దగ్గేవాళ్ళు. నాకు దగ్గు కూడా రాలేదు.

"నేను గమనించలేదు సార్" అన్నాను.

ఆయన రాసి సంతకం పెట్టాడు. రైలక్క నన్ను తిట్టలేదు. కొంతసేపు నా నోటినే చూసింది, వాళ్ళాయన పెదాలు చూసి మాట పట్టుకున్నట్టు. తర్వాత కీబోర్డు తీగ చుట్టి సంచిలో పెట్టుకుంది.

మొదటి సీటు నాకు ఇచ్చారు. ఇచ్చిన వారానికే ఒక విషప్రయోగం కేసు వచ్చింది. మూడు రోజులు కొట్టాను, పొద్దున ముందొచ్చి, టీకి లేవకుండా. రెండువందల పేజీల కట్ట కుట్టుకు కిందికి వెళ్ళి, మర్నాడు తిరిగి వచ్చింది. కుట్టు వంకరగా ఉంది. నాలుగో చిల్లు దగ్గర దారం వదులైంది, అంచున రెండుమూడు చోట్ల గోధుమరంగు మరకలు. దబ్బనం ఎక్కడెక్కడ గుచ్చుకుందో తెలుస్తూనే ఉంది. అలా ఎన్ని ఫైళ్ళు వస్తాయి, ఎవరు చూస్తారు, బీరువాలో పడేస్తాం. నేను మాత్రం దానిమీద 'మళ్ళీ కుట్టవలెను' అని రాసి, తేదీ వేసి, కిందికి పంపాను. నా మొదటి పెద్ద కేసు, శుభ్రంగా ఉండాలనిపించింది. అదొక్కటే కారణమని మీతో అంటే మీరు నమ్మక్కర్లేదు.

సాయంత్రం ఆవిడే మూడంతస్తులు ఎక్కి వచ్చింది. కుడిచేతి రెండు వేళ్ళకూ గుడ్డపీలిక చుట్టి ఉంది. ఆయాసపడుతూ ఫైలు నా బల్లమీద పెట్టింది.

"ఎక్కడ వంకరో చూపించవే. ఆ లైటు కింద నాకు కనపడటం లేదు."

చూపించాను. ఆవిడ వంగి చూసి, గోటితో ఆ చోట గీత పెట్టుకుంది.

"విప్పి మళ్ళీ కుడతాను. రేపు మధ్యాహ్నానికి ఇస్తే సరిపోతుందా?"

"సరిపోతుంది అక్కా."

వెళ్ళబోయి ఆగింది. చుట్టూ చూసి, షాపులో మాట్లాడినంత చిన్నగా అడిగింది. "ఆ రోజు నిజంగా చూళ్ళేదా?"

ఆ హాల్లో అప్పుడు మేమిద్దరమే ఉన్నాం. నిజం చెప్పినా సీటు ఎక్కడికీ పోదు. ఆర్డరు అయిపోయింది, మార్చే నాథుడు లేడు. ఆవిడకు కావలసింది సీటు కూడా కాదు. పడిందని ఒక్కమాట.

"లేదక్కా. పడినట్టు నాకు గుర్తులేదు."

ఆవిడ పీలిక చుట్టిన వేలిని కాసేపు చూసుకుంది.

"అంతేలే" అంది. "పడాలని అనుకుని అనుకుని, పడిందనే అనుకున్నట్టున్నాను."

ఫైలు చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. ఒక్కో అంతస్తు దగ్గర ఆగడం వినిపించింది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని తర్వాతి సాక్షిని మొదలుపెట్టాను.